నాన్నకు కార్డు చదివిపెట్టింది నేనే

మొన్న సాయంత్రం అక్క ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. మనవరాలి మార్కులొచ్చాయట. ఇప్పుడు మార్కులు పిల్లల సంచీలో రావడం లేదు కదా. పిల్ల బడి ఆటో దిగేలోపే ఇంట్లోవాళ్ల ఫోనులో టింగుమంటున్నాయి. "అంతా ఇంగ్లీషులో ఉందే, నువ్వు చదివి చెప్పు" అని ఫోను నా చేతిలో పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంటూ మంచం మీద కూర్చుంది.

చదివి చెప్పాను. తెలుగు ఇంత, లెక్కలు ఇంత, సైన్సు ఇంత. అన్నీ మంచి మార్కులే. చదవడం అయిపోయినా ఫోను ఇవ్వకుండా పైకీ కిందికీ జరుపుతూ, ఇంకేమన్నా మిగిలిందేమోనని వెతుకుతున్నాను. "ఏందే అట్టా చూస్తన్నావ్, తప్పిందా ఏంది" అంది అక్క. లేదన్నాను. ఫోను తిరిగిచ్చి నుదురు తుడుచుకున్నాను. అరవయ్యేళ్లు దగ్గరపడుతున్న మనిషి, ఎవరో చిన్నపిల్ల మార్కులు చూసి చెమటలు పట్టించుకోవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వితే నవ్వండి. ఇది విన్నాక నవ్వండి.

మాది పిడుగురాళ్ల పక్కన సున్నపు బట్టీల వరస. ఇప్పుడు ఆ పాత బట్టీలు చాలావరకు లేవు, ఉన్నచోట మిషన్లొచ్చాయి. అప్పట్లో అంతా మనుషులే. రాయి పగలగొట్టడం, రాయీ బొగ్గూ పొరలు పొరలుగా పేర్చడం, కాలాక అడుగునుంచి సున్నం లాగడం, అన్నీ చేతులతోనే. ఊరంతా తెల్లగా ఉండేది. వేపచెట్లు తెలుపు, గేదెల వీపులు తెలుపు, ఆరేసిన చీర పొద్దున ఏ రంగుదైనా సాయంత్రానికి ఒకటే రంగు. బయటినుంచి వచ్చినవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన లేనిచోట ఊపిరాడేది కాదు. కాలిన రాయి, బొగ్గు పొగ, లారీల డీజిలు, మధ్యాహ్నమైతే ఎవరింట్లోనో పచ్చడికి వేయించే ఎండుమిరపకాయల ఘాటు.

నాన్న బట్టీ అడుగున సున్నం లాగేవాడు. అమ్మ రాయి ఏరేది. నాన్న పనినుంచి రాగానే అమ్మ నీళ్లు ముట్టుకోనిచ్చేది కాదు. ఒంటిమీద సున్నం ఉండగా నీళ్లు తగిలితే తోలు కాలుతుంది. ముందు పొడిగుడ్డతో దులపాలి, ఆముదం రాయాలి, ఆ తర్వాతే స్నానం. ఆముదం రాసే పని నాది. నాన్న అరచేతులు పగిలి గరుకుగా ఉండేవి కానీ వేళ్ల కొసలు మాత్రం గోలీకాయల్లా నున్నగా ఉండేవి. చిన్నప్పుడు నాన్నలందరి వేళ్లూ అలాగే ఉంటాయనుకున్నాను.

దుమ్ము గొంతులో దిగకుండా బట్టీలో మనిషికింత బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. నాన్న సగం తిని సగం జేబులో వేసుకొచ్చేవాడు. దానిమీదా సున్నం పొడే. ఉఫ్ మని ఊది తినేవాళ్లం. అక్క వాటా కూడా కాజేసి, పిల్లి తినిపోయిందని చెప్పిన రోజులున్నాయి. "బెల్లం తినే పిల్లి మన ఇంట్లోనే పుట్టింది, రెండు జడలేసుకుని" అని అమ్మ దెప్పేది. అక్క మాత్రం ఏమీ అనేది కాదు. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆ నాలుగేళ్లకి నలభై ఏళ్ల నెమ్మది.

ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ అక్షరం రాదు. మా వరసలో చాలా ఇళ్లు అంతే. మరి బడినుంచి ప్రోగ్రెస్ కార్డు వస్తే చదివేదెవరు? ఆ పిల్లే చదవాలి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా. అందుకని మా బట్టీవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకరి కార్డు ఇంకొకరి చేత చదివించేవాళ్లు. అన్న కార్డు చెల్లి చదవాలి, చెల్లి కార్డు అన్న చదవాలి. ఒక్కడే పిల్లాడున్న ఇంట్లోవాళ్లు పక్కింటి పిల్లని పిలిచేవాళ్లు. కార్డులిచ్చిన సాయంత్రం మా వరసంతా ఇదే తతంగం. ఎవరో ఒకరి ఇంట్లోంచి ఏడుపు వినపడేది. ఆ చదివిన పిల్లకీ, ఏడ్చిన పిల్లకీ వారం రోజులు మాటలుండేవి కావు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అక్క హైస్కూల్లో ఎనిమిదో తరగతి. వేసవి సెలవులిచ్చే రోజు కార్డు తెచ్చి, నాన్న అడక్కముందే "పాసే నాన్నా" అంది. నాన్న ఆముదం చేతులు గుడ్డకి తుడుచుకుని, కార్డు తీసి నాకిచ్చాడు. "నువ్వు చదువమ్మా."

నాకు అప్పుడే ఇంగ్లీషు పెద్ద అక్షరాలొచ్చాయి. వచ్చాయన్న పొగరుతో లారీల మీద, సిమెంటు బస్తాల మీద ఏదుంటే అది గట్టిగా చదివేదాన్ని. కార్డు మీద ఊదారంగు ముద్ర కొట్టి ఉంది. ఎఫ్, ఎ, ఐ, ఎల్, ఇ, డి. ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి, ఇంట్లో అందరికీ వినపడేలా చదివాను. "ఫెయిల్ అని ఉంది నాన్నా" అన్నాను. అక్క నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు. నేను చదవగలిగినందుకు ఆశ్చర్యపడినట్టు చూసింది.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేది. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫెయిలంటే ఇంగ చదువు రాదనేగా. పోనీలే" అన్నాడు. సెలవులయ్యాక నేను బడికెళ్లాను, అక్క అమ్మ వెనకాల బట్టీకెళ్లింది. మొదటి వారం దాని చేతులు పొక్కి, అన్నం కలుపుకోలేక అమ్మ చేత తినిపించుకుంది. ఆ వారమంతా నేను దానికి ఎదురుపడకుండా తిరిగాను.

నాన్న నాతో చెప్పిన మాట ఒకటుంది. "పెద్దదాన్ని మాన్పించి చిన్నదాన్ని చదివిస్తే దాని ఉసురు నాకు తగులుద్ది. ఇంట్లో అందరికీ ఒకటే న్యాయం. ఫెయిలైన రోజున నువ్వూ బట్టీకే." నాన్న మాటంటే మాటే. బెదిరించడం ఆయనకి తెలియదు.

రెండేళ్లు గడిచాయి. నేను ఆరో తరగతికి, అదే హైస్కూలుకి వచ్చాను. క్వార్టర్లీలో లెక్కలు గట్టున పడ్డాయి, ముప్పయ్యారు. అక్క చదివింది, నాన్న కార్డు మీద వేలిముద్ర వేశాడు. హాఫ్ ఇయర్లీలో భిన్నాలు వచ్చి నన్ను ముంచాయి. శుక్రవారం సాయంత్రం లెక్కల మాస్టారు కార్డు చేతికిచ్చారు. లెక్కలు పద్దెనిమిది. కింద ఎర్రగీత. సోమవారం తండ్రి సంతకమో వేలిముద్రో వేయించి తేవాలి.

ఇంటికి ఎలా నడిచానో తెలియదు. దారిలో బట్టీ దగ్గర ఆడవాళ్లు తట్టలు ఎత్తుతుంటే, రేపటినుంచి నా తట్ట ఏదో అని చూశాను. ఇప్పుడు నా కార్డు చదివేది ఎవరు? అక్క. నేను ఎఫ్, ఎ, ఐ, ఎల్ అని ఒక్కో అక్షరం చదివానే, ఆ అక్క. దాని చేతికి కార్డు ఇస్తే వదులుతుందా? నేనైతే వదలను. అందుకే దాని గురించి అంత భయం. కార్డుని పుస్తకాల సంచీ అడుగున, అట్టకీ గుడ్డకీ మధ్య దోపాను. నాన్న అడిగితే మా తరగతికి ఇంకా ఇవ్వలేదన్నాను. ఆ రాత్రి గోంగూర పచ్చడి వేసి అమ్మ కలిపిన ముద్ద నోట్లోనే తిరిగింది. "పిల్లి బెంగ పెట్టుకుందేంది" అంది అమ్మ. అక్క నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను.

ఆదివారం మధ్యాహ్నం అవకాశం దొరికింది. బట్టీ మంటకి ఆదివారం లేదు, ముగ్గురూ పనిలో ఉన్నారు. తలుపు గడియపెట్టి, పెన్నులో సిరా వేలికి పూసుకుని ముందు పాత నోటుబుక్కులో ముద్ర వేసి చూశాను. పిల్లవేలు, చింతగింజంత పడింది. అది నాన్న వేలంటే గుడ్డివాడు కూడా నమ్మడు. ఏం చేయాలి? కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నా కాలు చూసుకున్నాను. కాలి బొటనవేలు సరిగ్గా నాన్న చేతి వేలంత ఉంది.

ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు నవ్వు లేదు. కాలు సబ్బుపెట్టి మూడుసార్లు తోమాను. కార్డు నేలమీద పెట్టి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, సిరా పూసిన బొటనవేలిని ఆ గళ్లో ఆనించాను. ఎంత బాగా పడిందంటే, ఒక్కో గీతా లెక్కపెట్టుకోవచ్చు. నాన్న వేసినదానికంటే వంద రెట్లు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమే నా కొంప ముంచుతుందని నాకేం తెలుసు.

సిరా పోలేదు. ఎంత తోమినా గోరు చుట్టూ నీలం. చివరికి దెబ్బ తగిలినట్టు గుడ్డపీలిక కట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే అక్క తలుపు కొట్టింది. మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకెళ్లడానికి వచ్చింది.

"కాలికేందే?"

"రాయి తగిలింది."

కూర్చుని పీలిక విప్పింది. నేను లాక్కోలేకపోయాను. గాయం లేదు, నీలం వేలుంది. పక్కన చాప కింద నేను దూర్చిన కార్డు అంచు కనపడుతోంది. అక్క కార్డు తీసి చూసింది. పద్దెనిమిది చూసింది, ఎర్రగీత చూసింది, నా కాలిముద్ర చూసింది. నేను గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. ఇంక అయిపోయింది, సాయంత్రం నాన్న రాగానే ఇది నోరు విప్పుతుంది, నేను విప్పినట్టే. ఏడుపు కూడా రాలేదు నాకు.

అక్క లేచి, ఉట్టిమీదనుంచి నిమ్మచెక్క తీసి నా చేతిలో పెట్టింది. "దీంతో రుద్దు, పోద్ది" అంది. అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నాన్నకి చెప్పలేదు. రాత్రి కూడా చెప్పలేదు. చెప్పకపోయేసరికి నా భయం రెట్టింపయింది. ఎప్పుడు చెబుతుందో, ఎంత అదను చూసి చెబుతుందోనని దాని పక్కన పడుకుని తెల్లార్లూ కళ్లు తెరుచుకునే ఉన్నాను.

సోమవారం మాస్టారు కార్డులన్నీ తీసుకున్నారు. ఆయన పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతికి సుద్దముక్క పొడితో ఉండేవారు. కేకలు వేయరు. మెల్లగా మాట్లాడతారు, అదే మాకు హడలు. మధ్యాహ్నం నన్ను బల్ల దగ్గరికి పిలిచి కార్డు తెరిచి పెట్టారు. ఒక గళ్లో క్వార్టర్లీ నాటి నాన్న వేలు, దాని కిందే నా కాలు. పైది ఉత్త సిరామచ్చ. ఒక్క గీత లేదు. కిందిది గీతలు గీతలుగా మెరిసిపోతోంది. శుభ్రంగా పడిందని మురిశానే గానీ, ఆ తేడా పట్టిస్తుందని నాకు తట్టలేదు.

"ఏమ్మా, మూడు నెలల్లో మీ నాన్న వేలికి గీతలు మొలిచినయ్యా?"

తరగతి గొల్లుమంది. "రేపు మీ నాన్నని తీసుకురా" అన్నారు మాస్టారు. తీసుకురాలేదు. మంగళవారం వరండా బయట ఎండలో నిలబెట్టారు. బుధవారం కూడా నిలబెట్టారు. పల్నాడు ఎండ మీకు తెలిసిందే, సంక్రాంతి దాటితే చాలు నెత్తి మాడుతుంది. అయినా ఆ ఎండే నయమనిపించింది. నాన్నకి చెప్పడం కంటే ఏడాదంతా అక్కడే నిలబడమన్నా నిలబడేదాన్ని.

బుధవారం సాయంత్రం అక్క నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "ఎండలో నిలబెట్టారంట గదా రెండు రోజులు. బట్టీకాడ పిల్లలంతా చెప్పుకుంటన్నారు."

"నాన్నని రమ్మన్నారక్కా." అప్పటికి నాకు ఏడుపొచ్చింది.

"ఏడవమాక. నేను చెబుతాలే."

చెప్పింది. నేను తలుపు వెనక చెవులు మూసుకుని, మళ్లీ తెరిచి విన్నాను. "దీన్ని సారు రమ్మన్నాడంట నిన్ను తీసుకుని. ఎందుకో నాకు తెలవదు నాన్నా" అంది. అంతే. దానికి అంతా తెలుసు.

గురువారం పొద్దున నాన్న పెళ్లిళ్లకి వేసుకునే చొక్కా తొడుక్కుని నా వెంట బడికొచ్చాడు. తలకి ఎంత నూనె పెట్టినా చెవుల వెనక సున్నం తెల్లగా కనపడుతూనే ఉంది. మాస్టర్ల గది బయట చెప్పులు విడిచి, గడప దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. దారిపొడుగునా నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే అక్కడే చచ్చిపోయేదాన్ని.

మాస్టారు కార్డు చూపించి, "ఈ ముద్ర నీదేనా?" అన్నారు.

నాన్న కార్డు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. అక్షరాలు తెలియకపోయినా ఆయన వేలు ఆయనకి తెలియదా? "నాదే సార్" అన్నాడు.

"మరి పైది?"

"అదీ నాదే."

మాస్టారు సొరుగులోంచి సిరాపెట్టె తీసి, ఒక తెల్లకాగితం ముందుకు జరిపారు. "ఇక్కడొకటి వెయ్యి." నాన్న వేశాడు. గుండ్రంగా, నల్లగా, ఉత్త మచ్చ.

"నాది ఇట్టానే పడుద్ది సార్" అన్నాడు నాన్న తలొంచుకుని. "సున్నం తినేసింది. రేషన్ కాడ గూడా ఒప్పుకోరు, మా ఇంటిదాని చేత ఏయిస్తారు."

"మరి ఈ గీతలెవరివి?"

నాన్న నా వైపు తిరిగాడు. నాకు తెలియకుండానే నా కుడికాలు ఎడమకాలి వెనక్కి వెళ్లింది. మాస్టారు కిందికి చూశారు. గోరు చుట్టూ నీలం ఇంకా సగం ఉంది. నిమ్మచెక్క మహిమ అంతవరకే. "కాలా?" అన్నారాయన. పక్క కుర్చీలో తెలుగు టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు చేశావమ్మా ఈ పని?"

"ఫెయిలైతే బట్టీకి పంపుతారు సార్. అక్కని పంపినట్టు." ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

మాస్టారు కార్డు మీద నా ఇంటిపేరు మళ్లీ చూసి, నాన్న వైపు తిరిగారు. "ఆ పిల్ల నీ పెద్దమ్మాయా? బట్టీకి పంపావా? మీరేదో ఊరు వదిలి వెళ్లారనుకున్నా నేను. దానికి ఎనిమిదిలో నేనే క్లాసు టీచర్ని. ఎందుకు మాన్పించావు?"

"ఫెయిలైంది గదా సార్. చదువు రాలా."

"రాలేదని ఎవరన్నారు? సోషల్ ఒక్కటే పోయింది, అదీ మూడు మార్కుల్లో. బడి తెరిచిన వారంలో ఆ ఒక్కటీ మళ్లీ రాస్తే తొమ్మిదిలో కూర్చోబెడతాం, తండ్రి వచ్చి కలవాలి అని కార్డు అడుగున రాశాను. చూసుకోలేదా?"

ఇందాక మీ దగ్గర ఒక సంగతి దాచాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు అక్క కార్డు మీద ఊదారంగు ముద్ర కింద చేతిరాతతో ఒక వరస ఉంది. ఇంగ్లీషులో, గొలుసుకట్టుగా, సన్నగా. నాకు పెద్ద అక్షరాలే వచ్చు. అది చదవడం నాకు రాలేదు. నాన్న అడిగాడు. వేలుపెట్టి మరీ అడిగాడు. "ఈడ ఇంకేదో ఉందే, ఏందమ్మా అది?" నాకు రాదని చెబితే నా గొప్ప పోతుంది కదా. అక్క ముందు, అమ్మ ముందు, అప్పటిదాకా చదివిందంతా పోతుంది కదా. "అదేం లేదు నాన్నా, సారు సంతకం" అన్నాను. కార్డు మడిచి నాన్నకిచ్చేశాను. ముద్ర చూసిన భయంలో అక్క కిందిదాకా చూసుకుని ఉండదు, అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ పిలిచి చూపించలేదు. తర్వాత ఆ కార్డు అమ్మ పొయ్యిలోకి వెళ్లింది.

నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనపడుతుంది. ఆయనకి అంతా గుర్తొచ్చింది. వేలుపెట్టి అడగడం, నేను చెప్పడం, అంతా. ఇప్పుడు చెప్పేస్తాడు, అందరి ముందూ చెప్పేస్తాడు, "ఇదే సార్, ఇదే చదివింది" అంటాడని నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"చూసుకోలా సార్" అన్నాడు నాన్న. "నాదే తప్పు."

మాస్టారు చొక్కా చేతిమీది సుద్దపొడి దులుపుకున్నారు. "ఇంగ్లీషులో రాశాను" అన్నారు చివరికి, తనలో తను అనుకున్నట్టు. "అందరికీ అట్లాగే రాస్తాం."

"ఇప్పుడు రాయొచ్చా సార్ అది?"

"రెండేళ్లయిపోయిందయ్యా. ఇప్పుడంటే మళ్లీ ఎనిమిదిలో చేరి కూర్చోవాల్సిందే."

నాన్న తలూపాడు. తర్వాత నా కార్డు మాస్టారి ముందుకు జరిపి, "ఈ పిల్లది మీరే చదివి చెప్పండి సార్. అడుగుదాకా చెప్పండి" అన్నాడు. మాస్టారు చదివారు. అన్ని సబ్జెక్టులూ చదివారు, లెక్కలు పద్దెనిమిదీ చదివారు. "అడుగున ఏముంది సార్?" అంటే, లెక్కల్లో శ్రద్ధ పెట్టించాలి అని ఉందన్నారు. "అంతేనా? బడి మానాలని లేదుగా?" అని అడిగాడు నాన్న. లేదన్నారు. "అయితే శ్రద్ధ పెట్టిస్తా" అని, చెప్పులు తొడుక్కోవడానికి బయటికొచ్చాడు. నేను బడిలోనే ఉండిపోతున్నానని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఆ పూట ఇంటికి తీసుకుపొమ్మన్నారు నన్ను. రైలుగేటు దగ్గర గూడ్సుబండి అడ్డం వచ్చింది. పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వెళుతూనే ఉన్నాయి. నాన్న వాటినే చూస్తూ, "అక్కకి చెప్పమాక" అన్నాడు.

ఏది నాన్నా అని అడగలేదు.

"తెలిస్తే అది నీ మొహం చూడదు. నా మొహం గూడా." అంతవరకే అన్నాడు. జీవితంలో ఆ సంగతి నాతో ఎత్తింది ఆ ఒక్కసారే.

సాయంత్రం అక్క పనినుంచి వచ్చి, చేతులు దులుపుకుంటూ అడిగింది. "సారేమన్నాడే?"

"లెక్కల్లో శ్రద్ధ పెట్టమన్నారు."

"కొట్టలేదుగా?" అంది. లేదన్నాను. పొడిగుడ్డ అందుకుంటూ, "నా సంగతేమన్నా అడిగాడా? ఎనిమిదిలో ఆయనే మా క్లాస్ టీచరు" అంది.

"లేదక్కా" అన్నాను.

ఆ రోజునుంచి అన్నాలయ్యాక రోజూ నాకు లెక్కలు చెప్పింది. భిన్నాలు నాకు అర్థమయ్యేలా చెప్పింది మాస్టారు కాదు, అక్కే. రొట్టె ముక్కలు చేసి చూపించేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే తొడమీద గిచ్చేది. దానికి లెక్కలంత బాగా వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. వేసవి పరీక్షలో నాకు అరవై రెండొచ్చాయి. మంచంమీద కూర్చుని అది చెప్పే లెక్కలు వింటూ నాన్న మొహం అటు తిప్పుకునేవాడు. ఒకసారి అడిగాడు కూడా, "పోనీ మళ్లీ బడికెళ్తావా అమ్మా" అని. అక్క నవ్వింది. "ఇంత మనిషినయ్యి ఎనిమిదిలో కూకుంటే బెంచీ విరుగుద్ది నాన్నా" అంది. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత నా పదో తరగతి దాకా ఏ పరీక్ష కార్డూ నాన్న ఇంట్లో చదివించలేదు. ప్రతిసారీ ఒక పూట పని మానుకుని బడికొచ్చి, మాస్టారి ఎదురుగా నిలబడి చెప్పించుకునేవాడు. మా వరసలో మిగతావాళ్లు చూసి వాళ్లూ రావడం మొదలుపెట్టారు. కార్డులిచ్చిన మర్నాడు మా బడి వరండాలో తెల్లటి తలలతో బట్టీ మనుషులు వరసగా నిలబడేవాళ్లు. మాస్టారు ఇంక కార్డుల మీద తెలుగులోనే రాశారు. నేను పది పాసై, టైపు నేర్చి, చిన్న ఉద్యోగం తెచ్చుకుని, నీడపట్టున బతికాను. అక్క పాతికేళ్లు బట్టీలో బతికింది. ఇప్పటికీ చలికాలం వస్తే రాత్రంతా దగ్గుతుంది. రెండు వీధుల అవతలినుంచి నాకు వినపడదు కానీ, వినపడినట్టే ఉంటుంది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పమాకన్నాడు కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు భయం. అది ఏడుస్తుందేమోనని కాదు, "పోనీలేవే, చిన్నపిల్లవి" అంటుందేమోనని భయం. మొన్న ఫోను చేతిలో పెట్టినప్పుడు నోటిదాకా వచ్చింది. మనవరాలికి మంచి మార్కులొచ్చాయన్న సంతోషంలో లేచి వెళ్లిపోయింది.

ఎదురుగా చెప్పడం నావల్ల కాదని తేలిపోయింది కాబట్టి రాశాను. అక్క ఏడో తరగతి పాసైన మనిషి. ఇంగ్లీషు రాదు కానీ, తెలుగులో అచ్చయిందేదీ వదిలిపెట్టదు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. ఇదీ చదువుతుంది. ఎవరి చేతా చదివించుకోనక్కర్లేదు. చదివాక రెండు వీధులు నడిచి మా ఇంటికే వస్తుంది. తలుపు ఎలా తీయాలో నాకు తెలియడం లేదు.